ఫర్లాంగు దూరంలో వెంట్రుక

మా కరువును వెతుక్కుంటూ వచ్చిన మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

రెండువేల రెండో సంవత్సరం, రోహిణి కార్తె. రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. గుత్తికి పదిమైళ్ల దూరంలో, మా కరిగుట్టపల్లె మలుపులో నాకు వేరుశనగ విత్తనం కొట్టు ఉంది. దాని ముందు ఒక జీపు ఆగింది. అరవైకి దగ్గరపడిన మనిషి దిగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ అడిగాడు.

"ఏమప్పా, ఈ గుట్ట మీద మబ్బు కమ్మేది ఏడాదికి ఎన్ని దినాలు?"

మబ్బుల సంగతి అడిగేవాళ్లు నా కొట్టుకు రోజూ వస్తారు. అడిగే గొంతులో ఆశ ఉంటుంది. ఈయన గొంతులో అది లేదు.

"నాలుగు దినాలు పడితే మా అదృష్టం సార్."

"అయితే మంచిదే," అన్నాడాయన.

ఎదుటి మనిషిని మాటను బట్టి తూచడం నా వృత్తి. ఆ 'మంచిదే' అన్న మాటను ఏ పళ్లెంలో వేయాలో నాకు తెలియలేదు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. పేరు రామాంజులు. హిందూపురం మనిషి. ఉద్యోగం బెంగళూరులో. నక్షత్రాలు ఆకాశంలో ఎక్కడెక్కడ ఉన్నాయో కొలిచే పని. వానాకాలంలో దేశమంతా మబ్బు కప్పుకొని ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో నడినెత్తికి వచ్చే చుక్కలను సరిగా కొలిచినవాళ్లు తక్కువ. అందుకని వానాకాలంలో కూడా వాన పడని చోటు కోసం వెతుకుతున్నారట.

"ముప్పై ఏండ్ల వాన లెక్కలు ముందరేసుకొని చూసినాము," అన్నాడు. "మీ గుట్ట తేలింది."

మా ఊరి కష్టం ఒకరికి పనికొస్తుందంటే నేనెందుకు కాదంటాను? గుట్ట మీద పాతకాలపు కావలి గది ఒకటి ఉంది. అది బాగు చేయించడం, నీళ్లు, కట్టెలు, బియ్యం పైకి చేర్చడం నేను ఒప్పుకున్నాను. గుట్ట కిందనే మా పన్నెండెకరాలు. మాది ఉమ్మడి ఇల్లు. కొట్టు నాది, పొలం మా తమ్ముడు కుళ్లాయప్పది, పొయ్యి ఒకటే.

మూడో రాత్రి నీళ్ల డబ్బాలతో పైకి వెళ్లాను. గది పైకప్పు రేకులు జరిపేశారు. గాలి తగలకుండా చుట్టూ తడకలు కట్టారు. మధ్యలో సిమెంటు దిమ్మ, దాని మీద అడ్డంగా ఒక గొట్టం, గొట్టం మూతి దగ్గర మూడు పలకల గాజు ముక్క, కింద వెడల్పాటి రాగి పళ్లెంలో పాదరసం. దాన్ని ఆస్ట్రోలేబు అంటారన్నాడు. గాజు కడ్డీ తీసుకొని, పాల మీద మీగడ తీసినట్టు, పాదరసం మీది మసకను ఒక పక్కకు లాగాడు. ఆకాశం పళ్లెంలోకి దిగింది.

"దీని ముందర దగ్గొద్దు, గట్టిగా అడుగెయ్యొద్దు. గుట్ట కింద బండి పోయినా ఇది వణుకుతాది. ఇప్పుడు కన్ను పెట్టి చూడు."

చూశాను. రెండు చిన్న వెలుగులు. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, ఒకదాని వైపు ఒకటి వస్తున్నాయి.

"ఒకటి చుక్క. ఇంకొకటి పాదరసంలో దాని నీడ. రెండూ ఒకటయ్యే గడియను పట్టుకోవాల. అప్పుడు ఆ చుక్క సరిగ్గా అరవై డిగ్రీల ఎత్తున ఉండాదని అర్థం. ఏ గడియకు ఆడికి రావాల్నో పుస్తకంలో ఉంటాది. వచ్చిన గడియ నేను రాసుకుంటా. తేడా వస్తే, తప్పు నాదన్నా అయ్యుండాల, పుస్తకానిదన్నా అయ్యుండాల. వంద రాత్రులు చూస్తే గాని ఎవరిదో తేలదు."

"పుస్తకంలో గూడా తప్పులుంటాయా సార్?"

"దండిగా ఉంటాయి. చుక్కలు ఊరికే ఉండవప్పా. కదుల్తా ఉంటాయి. అది దిద్దేదే నా పని."

"ఎంత తప్పు ఉంటాది?"

ఆయన తన తలలోంచి ఒక తెల్ల వెంట్రుక పీకి, లాంతరు ముందు పట్టుకున్నాడు.

"దీన్ని ఫర్లాంగు దూరంలో పట్టుకుంటే ఎంత మందం కనపడుతుందో, అంత."

"అది కనపడనే కనపడదు గదా సార్."

"కనపడదు. కాని ఉంటాది."

ఆ మాట విని నవ్వుకుంటూ గుట్ట దిగాను. అంత తేడా ఏ తక్కెడా చూపించదు. దాని కోసం ఇంత దూరం వచ్చిన మనిషి మంచివాడే గాని పనిలేనివాడు అనుకున్నాను. ఆయన చెప్పిన కొలత మాత్రం నాకు బాగా గుర్తుంది. తర్వాత జరిగినదానికి నేను తెలియక చేశానని చెప్పుకోలేకపోవడం అందువల్లనే.

*

కొట్టు దగ్గర ఊరివాళ్లు అడిగారు, గుట్ట మీద ఏం జరుగుతోందని. నేను నవ్వులాటకు చెప్పాను.

"చుక్కలు జాగా తప్పినాయంట. సారొచ్చి దిద్దుతాండాడు."

తిప్పేష్ అనే అతనికి రెండెకరాల పొలం, నలభై గొర్రెలు. వాడు బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు. "చుక్కలు తప్పిపోతే పోనీ అన్నా. నా గొర్రెలు తప్పిపోకుంటే చాలు."

అందరూ నవ్వారు. నారాయణప్ప నవ్వలేదు. ఆయన పెద్దవాడు, పంచాంగం చూసి ఊరికి విత్తే దినం చెప్పేవాడు. మా సేద్యమంతా కార్తెల మీదే నడుస్తుంది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె, ఒక్కొక్కటి సుమారు పదిహేను రోజులు. మృగశిరలో పదును, అంటే విత్తేంత తడి, దొరికితే విత్తడం, ఆరుద్రలో అయితే ఇంకా మంచిది, పునర్వసు దాటితే భయం.

"నవ్వేది కాదప్పా ఇది," అన్నాడు నారాయణప్ప. "కార్తె అనేది చుక్కను బట్టే గదా. చుక్క జరిగితే కార్తె జరగదా? మూడేండ్లుగా మృగశిర వానకు విత్తినోళ్లంతా మునిగినారు. వాన ఒక కార్తె ఎనక వస్తాండాది. నేను పంచాంగం సరిగా చూల్లేదని నన్ను తిట్టినారు. తప్పు నాది కాదు, పుస్తకానిది. ఎంత జరిగిందంట ఈశ్వరప్పా?"

మూడేళ్లుగా ఊరి తిట్లు తిన్న మనిషి ముఖంలో ఆ పూట కాస్త వెలుగు వచ్చింది. ఫర్లాంగు దూరంలో వెంట్రుక అని చెబితే ఆ వెలుగు ఆరిపోయేది. పైగా నా సంగతి నాకుంది. ఆ ఏడు నా విత్తనం ఇంకా రాలేదు. లారీ దూరం నుంచి రావాలి. దారిలో ఉందని ఫోనులో చెబుతున్నారు. గోదాము ఖాళీ. తొలి వాన ముందే పడితే ఊరంతా విత్తనానికి గుత్తికి పోతుంది, ఒకసారి పోయిన గిరాకీ మళ్లీ నా మెట్టెక్కదు.

"సారు ఇంకా లెక్క వేస్తాండాడు," అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆయన నిజంగానే లెక్క వేస్తున్నాడు.

ఇంట్లో మాత్రం విత్తనం ఉంది. కిందటేడు వచ్చిన కాస్త పంటలో మంచి కాయ ఏరి దాచినది. మా అమ్మ సుబ్బలక్ష్మమ్మ, తమ్ముడి భార్య గంగాదేవి నెలరోజులుగా పంచలో కూర్చొని ఒలిచారు. వేళ్లు పగిలి గుడ్డలు కట్టుకొని మరీ ఒలిచారు. ఒలిచిన గింజ ఎక్కువ కాలం నిలవదు. పదును దొరికితే వెంటనే నేలలో పడాలి. ఒక్క విత్తుకే సరిపోయే గింజ అది.

ఒకరోజు అన్నం తింటూ కుళ్లాయప్ప అన్నాడు. వాడు తక్కువ మాట్లాడతాడు.

"ఈ విత్తు పోతే ఎద్దులకు మేత ఉండదు. ఎద్దులు పోతే నేనుండి ఏమి చేసేది అన్నా?"

"మంచి మాట మాట్లాడు," అంది అమ్మ.

*

మృగశిర నాలుగో రోజు రాత్రి వాన పడింది. రెండు గంటలు నిలిచి కురిసింది. తెల్లవారేసరికి నేల జానెడు లోతు దిగబడుతోంది. కొట్టు తెరవకముందే పదిమంది నిలబడి ఉన్నారు. నారాయణప్ప పంచాంగం చంకలో పెట్టుకొని వచ్చాడు. ఎవరూ గుత్తికి బయలుదేరలేదు, ఎవరూ విత్తే గొర్రు కట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూస్తున్నారు.

అప్పుడు కుళ్లాయప్ప వచ్చాడు. ఎద్దులకు కాడి కట్టి, గొర్రు వేసుకొని, పొలానికి పోయే మనిషి పోతూ పోతూ కొట్టు ముందు ఆపాడు. నేల మీద చూపు పెట్టి మాట్లాడేవాడు, ఆ రోజు నా కళ్లలోకి చూశాడు.

"అన్నా, కార్తె జరిగిందని అంటాండారు. పదైదు దినాలు ఆగాలంట. సారు నీతో అట్ల చెప్పినాడా?"

పది ముఖాలు నా వైపు తిరిగాయి.

నేను లెక్క వేశాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. లారీ మూడో రోజుకు వస్తుంది. ఈ పదును నాలుగు రోజులు నిలుస్తుంది. వీడు ఇప్పుడు గొర్రు దింపితే పదిమందీ విత్తనానికి గుత్తికి పరుగెత్తుతారు. మూడు రోజులు ఆగితే ఎవరికీ నష్టం లేదు. లారీ రాగానే, సారు లెక్క మళ్లీ చూసినాడంట, విత్తండి అంటే సరిపోతుంది. రాత్రికి తమ్ముడితో విడిగా చెప్పుకోవచ్చు.

తల ఊపాను.

నోటితో ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎన్నోసార్లు ఆ సంగతి నాకు నేను చెప్పుకున్నాను.

కుళ్లాయప్ప నన్ను కాసేపు చూశాడు. తర్వాత ఎద్దులను ఇంటి వైపు తిప్పాడు. గంటలు మోగించుకుంటూ అవి పోయాయి. వాడు పోవడం చూసి మిగతావాళ్లు కూడా కదిలారు. "సొంత తమ్మునికే ఆగమంటాండాడంటే మాట నిజమే," అన్నారెవరో. నారాయణప్ప పంచాంగం మూశాడు.

తిప్పేష్ ఒక్కడే గుత్తి బస్సు ఎక్కాడు. "నా గొర్రెలకు చదువు రాదన్నా," అన్నాడు నాతో. "వాటికి మేత కావాల. కార్తె సంగతి మీరు చూసుకోండి."

ఆ రాత్రి తమ్ముడితో మాట్లాడదామని వాడి పంచ దగ్గరికి వెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నిద్రపోయాడనుకొని వెనక్కి వచ్చాను. రేపు చెబుదాం, ఇంకా మూడు రోజులున్నాయి అనుకున్నాను.

మర్నాడు పడమటి గాలి లేచింది. మా నేల మీద జూన్ గాలి ఎట్లా ఉంటుందో నాకు తెలియనిది కాదు. లెక్కలో దాన్ని వేయడం మరిచాను. రెండో రోజు సాయంత్రానికి పైమట్టి బూడిదైంది. మూడో రోజు లారీ రాలేదు. ఎనిమిదో రోజు వచ్చింది. నాలుగు వైపులా దుమ్ము లేస్తుండగా గోదాములోకి విత్తనం దించుకున్నాను. కొనేవాడు ఒక్కడూ రాలేదు.

*

ఆరుద్ర అంతా చుక్క పడలేదు. పునర్వసు కూడా అట్లే నడిచింది. పగలు గాలి, రాత్రి కడిగిన పళ్లెం లాంటి ఆకాశం. గుట్ట మీద మాత్రం పంట పండుతోంది. నీళ్లు తీసుకుపోయినప్పుడు రామాంజులు తలవంచుకొని చెప్పాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు.

"ఈ నెలలో ఒక్క రాత్రి గూడా పోలేదప్పా. నా సర్వీసులో ఇట్లాంటిది చూడలేదు. మీ మొగం చూసి సంతోషపడేదానికి సిగ్గైతాండాది."

ఊళ్లో మాట మారింది. మొదట చుక్కలు జరిగాయన్నవాళ్లే ఇప్పుడు గుట్ట మీది పాదరసం మబ్బులను తాగేస్తోందన్నారు. మృగశిర వానకు ఆగమని చెప్పింది సారే కదా అన్నారు. నారాయణప్ప కొట్టు దగ్గరికి రావడం మానేశాడు. ఊరు ఆయన్ను మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది, ఈసారి గట్టిగా. ఒక రాత్రి ఎవరో గుట్ట ఎక్కి గది మీదికి రాళ్లు విసిరారు. ఒక రేకు చీలింది.

పొద్దున్నే రామాంజులు కిందికి వచ్చాడు.

"మా మీద కోపమెందుకు ఈశ్వరప్పా? మేమేమి చేసినాము?"

"ఎండ తలకెక్కింది సార్. మీరేమీ అనుకోవద్దు."

"కార్తెలు జరిగినాయని నేను చెప్పినానంట గదా. అట్ల ఎవరు పుట్టించినారు?"

"ఊరు గదా సార్. ఎవరని చెప్పేది?"

ఆయన నా వైపు చూశాడు. ఆయన చూపులో ఏదో ఉందని ఆ రోజు గమనించాను. దాని అర్థం మాత్రం వెతకలేదు.

పుష్యమి మొదట్లో తుంపర పడింది. మట్టి పైపైన తడిసింది. ఇక ఆగితే ఈ ఏటికి విత్తే లేదని అందరూ గొర్రు కట్టారు. నా గోదాములో విత్తనం ఆ ఒక్క రోజులో సగం కదిలింది. నేను అనుకున్నది జరిగింది, కాస్త ఆలస్యంగా.

మా ఇంట్లో అమ్మ విత్తనం మూట విప్పి, ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మక్కు వాసన వస్తాండాది నాయనా. ఒలిచి రెండు నెలలాయె. ఇది మొలుస్తుందా?"

ఆమె అడిగింది కుళ్లాయప్పను. వాడు మూట భుజాన వేసుకొన్నాడు.

"కొట్లో కొత్త విత్తనం ఉండాది గదరా, తీసుకో," అన్నాను నేను.

"వద్దులే అన్నా. అమ్మ చేత్తో ఒలిచింది ఇది."

సగం మొలిచింది. మొలిచింది జానెడు పెరిగి పూసింది. కాయ కట్టే ఊడలు నేలలోకి దిగాల్సిన రోజుల్లో నేల రాయిలా బిగుసుకుంది. పూత పూతలాగే ఎండింది. గుట్ట పక్క తిప్పేష్ రెండెకరాలు మాత్రం పచ్చగా లేకపోయినా పసుపుపచ్చగా నిలబడ్డాయి. వాడికి చెట్టుకు నాలుగైదు కాయలు వచ్చాయి, గొర్రెలకు మేత వచ్చింది. వాడు నా కొట్టు ముందు నుంచి పోయేటప్పుడు ఎగతాళి చేయలేదు. ఎగతాళి చేసినా బాగుండేది.

ఆగస్టు నెలాఖరు శనివారం కుళ్లాయప్ప ఎద్దులను సంతకు తోలుకుపోయాడు. నాతో చెప్పలేదు. గంగాదేవి వాటికి బొట్టుపెట్టి పంపింది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పశువును అమ్మినా పలుపు అమ్మం. తాడు ఇంటికి తెచ్చి కొట్టంలో మేకుకు తగిలిస్తాం. ఆ మేకుకు కొత్త పశువు వస్తుందని నమ్మకం.

దీపాలు పెట్టే వేళకు వాడు రాలేదు. ఊరు పడుకునే వేళకు కూడా రాలేదు. గంగాదేవి వాకిట్లో నిలబడి ఉంది. అమ్మ లోపల గోడకు ఆనుకొని కూర్చుంది, దీపం వెలిగించనివ్వలేదు.

"బావా," అంది గంగాదేవి. ఆమె నా ముందు ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు. "సంత నుంచి వచ్చినోళ్లంతా వచ్చినారు. ఈయన రెండు పలుపులు భుజాన వేసుకొని గుట్ట దావన పోతా కనపడినాడంట. పొద్దు మునిగేటప్పుడు."

నేను టార్చిలైటు తీసుకున్నాను. చెప్పులు వేసుకున్నానో లేదో గుర్తులేదు.

ముందు మా పొలంలో బావి దగ్గరికి పోయాను. ఎండిపోయిన బావి. లోపలికి లైటు వేశాను. గట్టున వేపచెట్టు ఉంది. దాని కొమ్మల్లోకి లైటు వేయడానికి చేయి లేవలేదు. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి వేశాను. కొమ్మలు, ఆకులు, ఒక పాత గూడు.

గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను. దారి నాకు నీళ్ల డబ్బాలతో అలవాటే. ఆ రాత్రి ఉత్త చేతులతో నాలుగుచోట్ల పడ్డాను. పైన చీలిన రేకు సందులోంచి లాంతరు వెలుతురు కనిపించింది. గది గుమ్మం పక్కన నేల మీద రెండు పలుపులు చుట్టి పెట్టి ఉన్నాయి. వాటి ముడులకు ఎద్దుల వెంట్రుకలు ఇంకా అంటుకొని ఉన్నాయి.

లోపల కుళ్లాయప్ప గొట్టానికి కన్ను ఆనించి వంగి ఉన్నాడు. రామాంజులు పక్కన నిలబడి, నన్ను చూసి, గట్టిగా అడుగు వేయొద్దని చేత్తో సైగ చేశాడు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఊపిరి బిగబట్టాను. నా ఆయాసానికి పాదరసం వణుకుతుందేమో అనిపించింది.

"దగ్గరికి వస్తాండాయి సార్," అన్నాడు తమ్ముడు.

"చూస్తా ఉండు."

రామాంజులు నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, మర్యాదకు అన్నట్టు అన్నాడు.

"మీ తమ్మునికి ఇది కొత్త కాదప్పా. మొదటి వాన పడక ముందే ఒక దినం వచ్చినాడు. కార్తె ఎంత జరిగింది సార్ అని అడిగినాడు. వెంట్రుక చూపించినా. దాంతో కార్తె మారితే ఎంత మారుతాది అన్నాడు. రెండు సెకన్లు అని చెప్పినా. పదైదు దినాలు కాదా అని మళ్లీ అడిగి, రూఢి చేసుకొని మరీ పోయినాడు. ఊరంతట్లో వచ్చి అడిగినోడు ఈయనొక్కడే."

నేను తమ్ముడి వీపు వైపు చూశాను. వాడు కన్ను తీయలేదు.

"కలిసినాయి," అన్నాడు.

రామాంజులు గడియారం చూశాడు.

"ఇడిపోతాండాయి సార్."

"అంతేనప్పా. కలిసేది ఒక్క గడియే. నువ్వు చూసినావు గదా, అది చాలు."

*

దిగేటప్పుడు వాడు ముందు నడిచాడు, పలుపులు భుజాన వేసుకొని. టార్చి నా చేతిలో ఉంది. వాడికి వెలుతురు అక్కర్లేదు. సగం దూరం వచ్చాక అడిగాను.

"తెలిసుండి ఎందుకు విత్తలేదురా?"

వాడు నడుస్తూనే ఉన్నాడు.

"నలుగురిలో నువ్వు తల ఊపినావు గదన్నా. ఆ ఎనకనే నేను గొర్రు దింపితే, ఊరు నిన్ను ఏమనుకుంటాది?"

కింద వాకిట్లో గంగాదేవి మమ్మల్నిద్దరినీ చూసి లోపలికి వెళ్లి దీపం వెలిగించింది. కుళ్లాయప్ప కొట్టంలోకి పోయి పలుపులు మేకుకు తగిలించాడు. మేకు గోడలో కదులుతుంటే రాయి తీసుకొని రెండు దెబ్బలు వేసి బిగించాడు.

సెప్టెంబరులో రామాంజులు సామాను దించాడు. పాదరసాన్ని ఒక ఇనుప సీసాలోకి, ఒక్క బొట్టు పోకుండా వంపాడు. నూటపదహారు రాత్రుల్లో నూటరెండు రాత్రులు దొరికాయని చెప్పాడు. కొన్ని చుక్కల జాగాలు దిద్దుతారట. పుస్తకంలో పాత అంకె తీసేసి కొత్త అంకె వేస్తారట. ఆ పుస్తకం ఎవరు చదువుతారని అడిగితే, ఓడలవాళ్లు, ఉపగ్రహాలవాళ్లు, నాలాంటి ముసలోళ్లు అన్నాడు. జీపు ఎక్కుతూ నా చేయి పట్టుకొని, నీళ్లు మోసిపెట్టినందుకు మూడుసార్లు థాంక్స్ చెప్పాడు. రాళ్ల సంగతి ఎత్తలేదు. విత్తకుండా ఆపింది ఆయన కాదని, నేనని ఊరివాళ్లకు చెప్పే అవకాశం నాకు అప్పటికీ ఉంది. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను.

దసరా తర్వాత ఇంట్లో రెండో పొయ్యి వేశారు. గొడవ ఏమీ జరగలేదు. పంచాయితీ పెట్టలేదు. గంగాదేవి ఒకరోజు పడమటి గదిలో మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టింది, అంతే. అమ్మ తన మంచం అటు వేయించుకుంది. నేను ఏమీ అడగకముందే చెప్పింది.

"నీ దగ్గర ఉంటే నాకేమి తక్కువ కాదు ఈశ్వరా. వాని దగ్గర మనిషి ఉండాల."

మళ్లీ ఏడు మృగశిర రెండో రోజే వాన పడింది. పొద్దున కొట్టు ముందు పది పన్నెండు మంది చేరారు. నారాయణప్ప రాలేదు, పంచాంగం చూడటం ఆయన ఎప్పుడో మానేశాడు. తిప్పేష్ ఉన్నాడు. కుళ్లాయప్ప తిప్పేష్ దగ్గర బదులుకు తెచ్చుకున్న ఎద్దులకు కాడి కట్టి, గొర్రు వేసుకొని వచ్చి, కిందటేడు నిలబడిన చోటే ఆపాడు. నా కళ్లలోకి చూశాడు.

"అన్నా, ఈ పదునుకు విత్తొచ్చునా?"

పది ముఖాలు నా వైపు తిరిగాయి.

విత్తొచ్చు. నేల చూసిన ఎవడైనా చెప్పగలడు. కాని ఆ ఏడు నా విత్తనం ముందే వచ్చింది. గోదాము నిండుగా ఉంది. విత్తమంటే సాయంత్రానికి సగం మూటలు కదులుతాయి. కిందటేడు ఆగమనడంలో నాకు లాభం ఉంది, ఈ ఏడు విత్తమనడంలో ఉంది. నిజం నా లాభం పక్కనే నిలబడి ఉంటే దాన్ని విడదీసి వాడి చేతికి ఇవ్వడం ఎట్లాగో నాకు తెలియలేదు. నోరు తెరిచాను. మాట రాలేదు. మెడ కూడా కదల్లేదు.

కుళ్లాయప్ప కాసేపు ఆగాడు. కిందటేడు ఆగినంతసేపే. తర్వాత వంగి, దారి మీది తడిమట్టి పిడికెడు తీసి, ముద్ద చేసి, వేళ్లతో నొక్కి చూసుకున్నాడు. దాన్ని కింద పడేసి, చేయి పంచెకు తుడుచుకొని, ఎద్దులను పొలం వైపు తిప్పాడు.